నువ్వు ఆపితే మిషన్ ఆగుతుంది

మా తమ్ముణ్ణి ఆసుపత్రిలో పిల్లలంతా ‘ఊఁ మామయ్య’ అంటారు. పెద్దవాళ్లు ‘కట్టు గది ఆయన’ అంటారు. నేను మాత్రం కోపం వచ్చినా రాకపోయినా ‘ఒరేయ్’ అనే అంటాను. వాడికి యాభై ఒకటి, నాకు యాభై ఏడు. ఇరవై ఆరేళ్లు ఒకే ఆసుపత్రిలో, ఒకే గదిలో పనిచేశాం. నేను నర్సుని. వాడు విరిగిన కాళ్లకూ చేతులకూ పిండికట్లు వేసేవాడు, ఎముక అతికాక కోసి తీసేవాడు. సాయంత్రం ఇద్దరం ఒకే ఇంటికి వెళ్తాం. ఇద్దరికీ పెళ్లిళ్లు కాలేదు. వాడికి వచ్చిన సంబంధాలు నాకు నచ్చలేదు, నాకు వచ్చినవి ఎవరికీ నచ్చలేదు. ఆ గొడవ ఇప్పుడెందుకులెండి.

కట్టు వేసేటప్పుడు పిల్లలు పెద్దగా ఏడవరు. ఏడుపంతా తీసేటప్పుడే. కట్టు కోయడానికి చేతిలో పట్టేంత కరెంటు రంపం ఉంటుంది. దాని బిళ్ల గిర్రున తిరగదు, ఉన్నచోటే సన్నగా అదురుతుంది. అందుకే గట్టి పిండికట్టు తెగుతుంది గానీ, మెత్తగా కదిలే చర్మం తెగదు. ఈ సంగతి నాకు తెలుసు, ఎముకల డాక్టరు గారికి తెలుసు. ఐదేళ్ల పిల్లాడికేం తెలుసు? మిషన్ గయ్యిమనగానే కాలు కోసేస్తున్నారనుకుంటాడు. మా తమ్ముడు రాకముందు మా పద్ధతి ఒక్కటే. బిడ్డను దుప్పట్లో చుట్టి, నలుగురం నాలుగు వైపులా అదిమిపడితే ఒకరు కోసేవాళ్లు. ఆ నలుగురిలో నేనూ ఒకదాన్ని. నా చేతులకు బలం ఎక్కువని నన్నే పిలిచేవాళ్లు. అది గొప్పే అనుకున్నాను అప్పట్లో.

చిన్నప్పుడు మా నాన్న వాణ్ణి ఒక సంగీతం మాస్టారి దగ్గర చేర్చాడు. మూడో రోజే మాస్టారు వాడి గొంతు విని, “నాయనా, నువ్వు పాడకు, హార్మోనియం పట్టుకో” అన్నారు. వాయించడం కూడా కాదు. ఒక్క మెట్టు నొక్కిపెట్టి, తిత్తి ఆడిస్తూ కూర్చోవాలి. ఆ శ్రుతిలో మిగతా పిల్లలు పాడుకుంటారు. ఆరేళ్లు వాడు అదే చేశాడు. ఒక్క పాట రాలేదు గానీ, ఏ మోత విన్నా అది ఎన్నో శ్రుతో చెప్పే జబ్బు మాత్రం పట్టుకుంది. పళ్లెం ముందు కూర్చుని, “అక్కా, ఇవాళ ఫ్రిజ్జు శ్రుతి తప్పింది” అనేవాడు. “తప్పింది నీ బుర్ర. నోరు మూసుకుని తిను” అనేదాన్ని. ఇద్దరం ఒక కడుపున పుట్టినవాళ్లమే. నాకు మాత్రం పాటకీ పాల కుక్కరు కూతకీ తేడా తెలియదు.

వాడు ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే రంపం చేత్తో పట్టుకుని, “ఇది సరిగ్గా ఐదున్నర శ్రుతి అక్కా!” అన్నాడు, ఏదో నిధి దొరికినట్టు. బల్లమీద ఒక పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. వీడు వెళ్లి పక్కన కూర్చుని, పెదవులు మూసి, మిషన్ మోతతో కలిపి ‘ఊఁ’ అని పట్టాడు.

“నువ్వూ అనరా. మిషన్‌తో కలిసిందంటే నీ ఛాతీలో గిలిగింత పుడుతుంది. పుట్టకపోతే నన్నడుగు” అన్నాడు.

గిలిగింత అనేసరికి పిల్లాడు ఏడుపాపి చూశాడు. రెండుసార్లు తప్పి, మూడోసారి కలిశాడు. వాడి కళ్లు గుండ్రంగా అయిపోయాయి. ‘ఊఁ’ అంటున్నంతసేపూ ఊపిరి బయటికి పోతూనే ఉంటుంది కదా, ఒళ్లు బిగబట్టడం కుదరదు. రంపం కట్టులోకి దిగితే దాని మోత కాస్త కిందికి జారుతుంది, పైకి తీస్తే లేస్తుంది. పిల్లాడు కూడా దాంతోపాటే జారాడు, దాంతోపాటే లేచాడు. అయిపోయాక “ఇంకో కాలికి లేదా?” అని అడిగాడు. నేను దుప్పటి మడతపెట్టి బీరువాలో పెట్టాను.

అప్పటినుంచి ప్రతి బిడ్డకూ వాడు ఒక మాట చెప్పేవాడు. “ఊఁ అంటూ ఉండు. వేడిగా అనిపించినా, భయమేసినా, ఊరికే విసుగొచ్చినా సరే, ఆపెయ్. నువ్వు ఆపితే మిషన్ ఆగుతుంది. ఎందుకాపావని నేనడగను.” చెప్పినట్టే ఆపేవాడు. కొంటెకోణంగులు ఊరికే పదిసార్లు ఆపి పరీక్ష పెట్టేవాళ్లు. పదిసార్లూ ఆపేవాడు. బయట వరస పెరిగిపోతోందని నేను సణిగేదాన్ని. కానీ నిజం చెప్పాలంటే అది ఆట ఒక్కటే కాదు. ఎక్కువసేపు కోస్తే బిళ్ల వేడెక్కుతుంది, అడుగున దూది పలచగా ఉన్నచోట చర్మం కాలుతుంది. బిడ్డ గొంతు ఎక్కడ తడబడిందో అక్కడ వాడి చెయ్యి పైకి లేచేది.

మోత నుంచి చెవులకు రక్షణగా పెట్టుకోమని ఆసుపత్రివాళ్లు డిప్పలు కొనిచ్చారు. వాడు ఒక్కరోజు పెట్టుకుని సొరుగులో పడేశాడు. “చెవులు మూసుకుంటే వాళ్లు ఆపింది నాకెలా తెలుస్తుంది?” అన్నాడు. నేను ఒకటి రెండుసార్లు చెప్పి ఊరుకున్నాను. పోరి పోరి పెట్టించాల్సింది. పెట్టించలేదు.

ఇక ఆ పాప సంగతి. ఏడేళ్లుంటాయి. మేడమెట్ల మీద జారి రెండు కాళ్లూ విరగ్గొట్టుకుంది. ఒక కాలు ముందు అతికింది, రెండోదానికి ఇంకో పన్నెండు రోజులు పడుతుందన్నారు డాక్టరు గారు. బల్లమీద కూర్చోపెట్టిన దగ్గర్నుంచీ ప్రశ్నలే. ఈ రంపం ఎవరు కనిపెట్టారు? కరెంటు పోతే ఏం చేస్తారు? మీరెప్పుడైనా మీ వేలు కోసుకున్నారా? నేను ‘లాయరమ్మా’ అని పేరు పెట్టేశాను. తమ్ముడు ఎప్పటిలాగే తన మాట చెప్పాడు. లాయరమ్మ ఊరుకుంటుందా?

“ప్రామిస్సా?” అంది.

“ప్రామిస్” అన్నాడు.

పాప చక్కగా ఊఁ పట్టింది. వాడూ తోడు పట్టాడు. నేను మోకాలు పట్టుకుని నిలబడ్డాను. చీలమండ దాకా వచ్చాక కత్తెర కోసం పక్కకు తిరిగాను. పాప ఊఁ ఆగింది. ఆగిందని నా చెవిన పడింది, కానీ మిషన్ కూడా ఆగుతుందిలే అన్న ధీమా. ఇరవై ఆరేళ్ల ధీమా. మిషన్ ఆగలేదు. “మామయ్యా!” అని పాప కేక పెట్టింది. అయినా ఆగలేదు. “ఒరేయ్, ఆపరా!” అని వాడి భుజం మీద ఒక్కటి చరిస్తే అప్పుడు తలెత్తాడు. కట్టు విప్పి చూస్తే చీలమండ పైన వేలి కణుపంత ఎర్రటి గీత, మధ్యలో చిన్న బొబ్బ.

“పాప ఊఁ అంటూనే ఉంది కదక్కా” అన్నాడు. వాడి మొహం చూస్తే అబద్ధమాడుతున్నట్టు లేదు.

పాప తల్లి మమ్మల్ని మాటలతో కడిగేసింది. ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. డాక్టరు గారు వచ్చి మందు రాశారు, తమ్ముడి తరఫున క్షమించమన్నారు. పాప మాత్రం కాలి వైపు చూడనే లేదు. వాడివైపే చూస్తూ, “నేను ఆపాను. ఆయన ఆపలేదు” అని నాకు చెప్పింది. ఏడుస్తూ కాదు, ఫిర్యాదు రాయించినట్టు చెప్పింది. వాడు పాప చక్రాల కుర్చీ వెనకాలే వరండా చివరిదాకా వెళ్లి తిరిగొచ్చాడు.

ఆ సాయంత్రం వాడు వంటింట్లో గిన్నెలు కడుగుతుంటే వెనకాల నిలబడి మామూలు గొంతుతో పిలిచాను. పలకలేదు. ఇంకోసారి పిలిచాను. కుళాయి ధార కింద గ్లాసు తిప్పుతూ ఉన్నాడు. నాలుగేళ్లుగా వీడు పిలిస్తే పలకడనీ, టీవీ అరుపులు పెట్టుకుంటాడనీ, చెప్పిన పని మరిచిపోతాడనీ నేను తిట్టని రోజు లేదు. “చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు” అని ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఒక్కసారైనా అది నిజమేమో అని అనుమానం రాలేదు. నర్సునట, ముప్ఫై అయిదేళ్ల అనుభవమట. నామీద నాకే అసహ్యమేసింది.

భుజం పట్టి ఇటు తిప్పాను. నా మొహం చూశాక ఇంక దాచలేదు.

“ముందు ఫోను మోత పోయిందక్కా. తరవాత పిచ్చుకలు. తరవాత నీ తిట్లలో సగం.” నవ్వబోయాడు. “పెదాలు చూసి లాక్కొచ్చాను. గదిలో మాస్కులుంటాయి కదా, అక్కడ కష్టమయ్యేది. కానీ ఊఁ మాత్రం వినపడుతోందనే అనుకున్నా. ఇవాళ తెలిసింది. ఆ మోతలో నాకు వినపడేది నా ఊఁ నాకే. నా ఎముకల్లో మోగేదాన్ని వాళ్లదనుకున్నా.”

“చెప్పొచ్చు కదరా? చచ్చానా నేను?”

“చెబితే మిషన్ తీసేసుకుంటారు. అది లేకపోతే నేనేం చేయను? నాకు వచ్చింది అదొక్కటే.”

చేతికి అందిన గరిటె విసిరేశాను. గోడకు తగిలి కింద పడింది. ఆ చప్పుడుకి వాడు తిరిగి చూడలేదు. నేను కూలబడి ఏడ్చాను. వాడు తడి చేతులతోనే నా పక్కన కూర్చుని, “ఇన్నేళ్లలో ఇంకెంతమందికి ఆపలేదో అక్కా” అన్నాడు.

మర్నాడు నేనేమీ చెప్పక్కర్లేకపోయింది. వాడే డాక్టరు గారి గదికి వెళ్లి రంపాన్ని బల్లమీద పెట్టొచ్చాడు. చెవుల పరీక్ష చేయించారు. కాగితం మీద గీత మొదట్లో బాగానే నడిచి, తరవాత సన్నటి మోతల దగ్గర దబ్బున కిందికి దిగిపోయింది. చెవికి సాధనం పెడితే మాటలు కాస్త వినపడతాయి గానీ, రంపం మోతలో పనికిరాదన్నారు. వాణ్ణి దూది చుట్టలూ కట్టుబట్టలూ ఉండే సామాను గదికి మార్చారు. రంపం నాకిచ్చారు. కోయడం నాకు చేతకాక కాదు. పిల్లలు నన్ను చూస్తేనే కాళ్లు ముడుచుకుంటారు, అంతే.

ఆ పన్నెండు రోజులూ ఇంట్లో వాడు ఒక్కసారి కూడా ఊఁ అనలేదు. స్నానాల గదిలో లేదు, ఇస్త్రీ చేస్తూ లేదు. ఇరవై ఆరేళ్లు ఆ రొదకి తల పగిలిపోతోందని మొత్తుకున్నదాన్ని, ఆ నిశ్శబ్దానికి రెండు రోజులకే తట్టుకోలేకపోయాను.

పదమూడో రోజు పొద్దున లాయరమ్మ వచ్చింది. బల్లమీదికి ఎక్కనంది. ఎక్కించాక కాలు ముట్టనివ్వనంది. రంపం తీయగానే తల్లి మెడ కరుచుకుని పెట్టిన కేకకి పక్క గదిలోంచి జనం తొంగిచూశారు. “ఊఁ అనమ్మా” అన్నాను, నాకు చేతనైనంత మెత్తగా.

“ఊఁ అంతా అబద్ధం! ఆయన అబద్ధాలకోరు! మీరూ అంతే!”

తల్లి నావైపు చూసి, “పట్టేసుకుని కానిచ్చేయండి సిస్టర్, ఇంకేం చేస్తాం” అంది. నా చేతులు బీరువా దాకా వెళ్లాయి. ఆ దుప్పటి ఇంకా అక్కడే ఉంది. ముట్టుకోబుద్ధి కాలేదు. “ఐదు నిమిషాలాగండి” అని సామాను గదికి పరిగెత్తాను.

తమ్ముడు దూది చుట్టలు సర్దుతున్నాడు. సంగతి వాడి మొహం ఎదురుగా నిలబడి చెప్పాను. తల అడ్డంగా ఊపాడు. “నా వల్ల కాదక్కా. ఆ పాపకి నా మొహం ఎలా చూపించను? నాకు వినపడదు కదా!”

“తప్పయిందని చెప్పడానికి చెవులెందుకురా? నోరుంటే చాలు. నడువ్!”

వాణ్ణి చూడగానే పాప కాళ్లు లాక్కుంది. వాడు దగ్గరికి వెళ్లలేదు. బల్లకి రెండడుగుల దూరంలో నేలమీద చతికిలబడి, మాస్కు కిందికి లాగి తలెత్తాడు.

“అమ్మా, ఆ రోజు నువ్వు ఆపావు. నేను ఆపలేదు. నువ్వు చెప్పిందే నిజం. నా చెవులు పాడైపోయాయి. నువ్వు ఆపింది నాకు వినపడలేదు. పాడయ్యాయని నాకు ముందే తెలుసు, అయినా ఎవరికీ చెప్పకుండా నీకు ప్రామిస్ చేశాను. అది తప్పు. పెద్ద తప్పు.”

పాప, వాళ్లమ్మ భుజం మీంచి ఒక కంటితో చూసింది.

“అసలు ఏమీ వినపడదా?”

“కొంచెం. ఇప్పుడు నీ పెదాలు చూసి తెలుసుకుంటున్నా.”

“మరి ఇవాళ నేను ఆపితే ఎలా తెలుస్తుంది?”

వాడు తన అరచేతి వైపు చూసుకున్నాడు. అప్పటికప్పుడే తోచినట్టుంది. “నీ వీపు మీద చెయ్యి పెట్టనిస్తావా? ఊఁ అంటే వీపు అదురుతుంది. అది అబద్ధం చెప్పదు.”

“సిస్టర్‌కి వినపడుతుంది కదా. మీరెందుకు?”

లాయరమ్మంటే ఊరికే అన్నానా! ఈసారి నేనే మాస్కు కిందికి లాగి చెప్పాను. “నాకు చెవులున్నాయమ్మా, కానీ కోసేటప్పుడు అటు పోవు. ఆ రోజు నువ్వు ఆపింది నాకు వినపడింది. విని కూడా ఊరుకున్నాను.”

ఈ మాట అప్పటిదాకా తమ్ముడికి కూడా చెప్పలేదు. వాడు నా పెదాలవైపే చూస్తున్నాడు, అర్థమైంది వాడికి. పాప మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

“అయితే ఇద్దరూ ఉండండి” అని తీర్పు చెప్పేసింది. “ముందు పరీక్ష.”

పరీక్షంటే పరీక్షే. తమ్ముడు పాప వెనక నిలబడి, కళ్లు మూసుకుని, ఎడమ చెయ్యి వీపుమీద ఆనించాడు. తను ఊఁ అనకుండా పళ్లు బిగించాడు. పాప ఊఁ అంది, ఆపింది. వేలెత్తాడు. మళ్లీ అంది, మధ్యలో తెంపి వెంటనే అందుకుంది. వేలెత్తాడు. చివరికి ఊఁ అనకుండా బుగ్గలు మాత్రం ఉబ్బించింది. “అసలు మొదలుపెట్టలేదు కదా” అన్నాడు వాడు. పాపకి నవ్వొచ్చింది, ఆపుకుంది. అప్పుడు కాలు చాపింది.

మిషన్ ఆన్ చేశాను. వాడి ఎడమ చెయ్యి పాప వీపుమీద, కుడి చెయ్యి నా భుజం మీద. పాప ఊఁ పట్టింది. మోకాలి కిందనుంచి మొదలుపెట్టాను. జానెడు కోశానో లేదో భుజం మీద నొక్కాడు. ఆపాను. పాప ఇటు తిరిగి చూసింది. ఊరికే ఆపిందన్నమాట. మళ్లీ మొదలు. మళ్లీ ఊరికే. మూడోసారి చీలమండ దగ్గర వాడి వేళ్లు గట్టిగా దిగాయి, నాకు వినపడడానికంటే ముందే. రంపం ఎత్తి బిళ్ల ముట్టుకుంటే చురుక్కుమంది. తడిగుడ్డతో తుడిచి, చల్లారేదాకా నిలబడ్డాం. పాప ఇంకోసారి ఊఁ అందుకుంది.

అయిపోయింది. మిషన్ ఆపాను. కట్టును రెండుగా విడదీసి, దూది కత్తిరించి తీశాను. కాలు సన్నగా, పొట్టు రేగి, దెబ్బ ఒక్కటీ లేకుండా బయటపడింది. తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పాప తన కాలు చూసుకుంది, వేళ్లు ఆడించింది. కానీ ఊఁ ఆపలేదు.

నాకు అర్థం కాలేదు. తలెత్తి చూస్తే తమ్ముడు ఇంకా కళ్లు మూసుకునే ఉన్నాడు. మిషన్ ఆగిపోయిన సంగతి వాడికి తెలియదు. అరచెయ్యి పాప వీపుమీద ఆనించి, తల కాస్త వంచి, ఒళ్లంతా చెవి చేసుకుని నిలబడ్డాడు. పన్నెండు రోజుల తరవాత వాడి మొహం మా తమ్ముడి మొహంలా ఉంది. పాప వాణ్ణి చూసింది. అయిపోయిందని చెప్పబోతూ నోరు తెరిచాను. పాప నావైపు తిరిగి, పెదవుల మీద వేలు పెట్టింది. గబగబా ఊపిరి పీల్చుకుని మళ్లీ ఊఁ అందుకుంది.

వాడి చెయ్యి నా భుజం మీదే ఉంది. చాలని చెప్పాల్సినదాన్ని నేనే. చెప్పలేదు.